నూట ఏడు మీటర్ల దారం

అతని ఉద్యోగం తాళ్ళను లాగడం. లిఫ్టులకు కట్టే ఉక్కు తాళ్ళు ఫ్యాక్టరీ నుంచి రాగానే ముందు అతని షెడ్డుకు వస్తాయి. అతను వాటిని యంత్రానికి బిగించి, అవి రోజూ మోయబోయే బరువుకన్నా బాగా ఎక్కువ బరువుతో లాగి చూస్తాడు. ఓర్చుకున్నవాటికి నీలం ముద్ర, ఓర్చుకోలేనివాటికి ఎర్ర ముద్ర. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఊళ్ళో ఎవరు ఏ అంతస్తుకు క్షేమంగా చేరినా అందులో తన చెయ్యి ఉందని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని మాత్రం ఎవరూ ఇంతవరకు యంత్రానికి బిగించి చూడలేదు.

ఉద్యోగాన్ని షెడ్డులో వదిలేసి ఇంటికి వచ్చే రకం కాదతను. కుర్చీలో కూర్చునే ముందు దాన్ని రెండు చేతులా నొక్కి చూస్తాడు. వీధి తలుపుకు తాళం వేశాక ఏడుసార్లు లాగుతాడు, మెట్లు దిగుతాడు, మళ్ళీ ఎక్కి ఎనిమిదోసారి లాగుతాడు. అతని భార్య మందుల షాపులో పనిచేస్తుంది. రోజంతా మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే మనిషి కాబట్టి ఓపిక ఎక్కువే. కానీ ఆ ఓపికకూ ఒక హద్దుంది.

"మీరు లాగి లాగి చూడబట్టే ఆ గొళ్ళెం వదులైపోతోంది," అనేది.

"వదులైందని తెలిసింది కదా, లాగబట్టే," అనేవాడు అతను. తనేదో గొప్ప మాట అన్నానని ఆ పూటంతా పొంగిపోయేవాడు.

మామగారు దర్జీ. ఇరుకు వీధిలో పొడుగ్గా, సన్నగా ఉండే కొట్టు. మూడు గోడలకూ కప్పు దాకా అరలు, వాటినిండా బట్టల తానులు. పై అరలు అందుకోవడానికి ఒక చెక్క నిచ్చెన ఉండేది. పెళ్ళైన కొత్తలో అల్లుడు మొదటిసారి ఆ కొట్లోకి వెళ్ళినప్పుడు మామగారు ఎదురొచ్చి, కుర్చీ వేసి, "కూర్చోండి అల్లుడుగారూ," అన్నారు. అల్లుడు కూర్చోలేదు. అతని కళ్ళు నిచ్చెన మీద పడ్డాయి. వెళ్ళి, నాలుగో మెట్టును రెండు చేతులా పట్టుకుని, ఒక కాలు గోడకు తన్నిపెట్టి, బలంకొద్దీ లాగాడు. మెట్టు ఊడి చేతిలోకి వచ్చింది.

"చూశారా మామయ్యగారూ," అన్నాడు, ఊడిన చెక్కను బహుమతిలా చూపిస్తూ. "మీ కాలికింద విరగాల్సింది నా చేతిలో విరిగింది."

"ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్నానండి దాన్ని," అన్నారు మామగారు. గొంతు పెంచలేదు. ఊడిన మెట్టును తీసుకుని కుట్టుమిషను పక్కన పెట్టి, మళ్ళీ పనిలో పడ్డారు. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఆయన అల్లుణ్ణి పలకరించనిదీ లేదు, ఆదరించనిదీ లేదు. పని మాత్రం ఒక్కటి కూడా ఎప్పుడూ అడగలేదు. సామాన్లు మోయాలన్నా, బల్బు మార్చాలన్నా, ఆస్పత్రికి తోడు వెళ్ళాలన్నా కూతురికే చెప్పేవారు. అల్లుడికి ఇది బాగా తెలుసు. ఆ నాలుగో మెట్టు గుర్తొచ్చినప్పుడల్లా ఒంటరిగా ఉన్నా సరే చెవులు ఎర్రబడేవి.

అందుకే నెల కిందట ఆయన ఫోను చేసి, "అల్లుడుగారూ, మీకో పని చెప్పాలనుంది," అన్నప్పుడు అతను షెడ్డులో యంత్రం ఆపేసి మరీ విన్నాడు.

మామగారికి ఒకే ఒక్క సరదా. ఆదివారం పొద్దున్నే ఊరి చివరి గుంటకు వెళ్ళి గాలం వేయడం. ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తవ్విన గుంట అది. బట్టీ మూతపడ్డాక నీళ్ళు చేరి చెరువంత అయింది. అక్కడ గాలం వేసేవాళ్ళ పద్ధతి ఏమిటంటే, పట్టిన చేపను తడి చేత్తో కాసేపు పట్టుకుని చూసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. మామగారు ముప్పై ఐదేళ్ళలో ఒక్క చేపను కూడా ఇంటికి తేలేదు. అందులో ఒక బంగారుతీగ చేప ఉంది. ఆయన గాలానికి అది మూడుసార్లు పడింది, మూడుసార్లూ వదిలేశారు. దాని ఎడమ పక్కన వరసగా మూడు పొలుసులు లేవు. గుండీలు ఊడిన చొక్కాలా ఉంటుందనేవారు ఆయన. నవ్వితే ఆ చేప గురించి చెప్పేటప్పుడే నవ్వేవారు.

"వచ్చే నెల కంటికి ఆపరేషను," అన్నారు ఫోనులో. "ఎడమది ఎప్పుడో మసకబారింది. ఇప్పుడు కుడిది. బాగుపడొచ్చు, పడకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు. ఈలోగా దాన్ని ఇంకోసారి చూడాలని ఉంది. దగ్గరగా పెట్టుకుంటే రంగు తెలుస్తుంది నాకు ఇంకా. గాలానికి కొత్త దారం కావాలి. పాతది పాడైంది. ఎప్పుడూ నేనే చూసి కొనుక్కునేవాణ్ణి, ఇప్పుడు చూపు ఆనడం లేదు. తెగనిది, నమ్మకమైనది చూసి తీసుకురండి. తాళ్ళ సంగతి మీకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?"

ఆయన మామూలుగానే అన్నారు. విన్నవాడికి మాత్రం నుదుటి మీద నీలం ముద్ర పడ్డట్టయింది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే భార్యకు చెప్పాడు.

"దారం ఉండ ఒకటి కొని తెమ్మన్నారు. అంతేగా?" అంది ఆమె.

"నీకు అర్థం కాదు."

"నాకు బాగానే అర్థమవుతోంది. అందుకే భయం."

గాలాల కొట్టు ఆ గుంటకు వెళ్ళే దారిలోనే ఉంది. కొట్టు నడిపేది ఒక లావుపాటి ఆవిడ. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, గాలానికి కట్టే, నీళ్ళమీద తేలే బెండ్లకు రంగు వేస్తూ కూర్చుంటుంది. అతను నోటుపుస్తకం తీసి, పెన్ను మూత తీసి, నిలబడ్డాడు.

"ఏ చేపకండీ?" అందావిడ తల ఎత్తకుండానే.

"బంగారుతీగ. నాలుగు కిలోలు ఉంటుంది."

"గుంటలోనా? అడుగున నాచు ఎక్కువా, రాళ్ళు ఎక్కువా?"

"తెలీదండి."

"గాలం వేసేది మీరేనా?"

"మా మామగారు. ముప్పై ఐదేళ్ళ నుంచి వేస్తున్నారు."

"అయితే ఆయన్నే పంపించండి," అని ఆవిడ మళ్ళీ రంగులో పడింది.

అంత తేలిగ్గా వెనక్కి తగ్గే మనిషయితే ఈ కథే లేదు. ప్రతి దారానికీ పరీక్షా పత్రం ఉందా అని అడిగాడు. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని అతన్ని కాసేపు చూసింది. తర్వాత జాలిపడి చెప్పడం మొదలుపెట్టింది. అల్లిక దారం ఇనుములాగా ఉంటుంది గానీ అసలు సాగదు, చేప విదిలిస్తే పెదవి చిరుగుతుంది. ఇంకో రకం నీళ్ళలో కనబడదు గానీ బిరుసు, ముడి దగ్గర అలిగి కూర్చుంటుంది. ఇలాంటి గుంటకు, పెద్దాయన చేతికి, మామూలు నైలాన్ దారమే మంచిది.

"సాగడమే దీని బలమండీ," అంది. "చేప ఒక్కసారిగా విదిలించినప్పుడు కాస్త సాగి సర్దుకుంటుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. ఎండలో పెట్టకండి. ముడి బిగించే ముందు తడి చేయండి. అంతకుమించి దీనికి సేవలేమీ అక్కర్లేదు."

అతను అంతా రాసుకున్నాడు. 'సాగడమే బలం' అన్న మాట కింద గీత కూడా గీశాడు. గీత గీస్తే అర్థమైపోయినట్టేనని చిన్నప్పటినుంచీ అతని లెక్క. తర్వాత ఆవిడ చెప్పినది ఒక్కటీ, చెప్పనివి ఏడూ, మొత్తం ఎనిమిది ఉండలు కొన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు షెడ్డులో భోజనాల వేళ అతను భోజనం చేయలేదు. పక్క యంత్రం మీద పనిచేసేవాడు ఒక చేత్తో రొట్టె తింటూ, ఇంకో చేత్తో అంకెలు రాసిపెట్టేవాడు. సన్నటి తీగల కోసం వాడే చిన్న యంత్రానికి దారాలను బిగించి తెంపారు. పొడిగా ఉన్నప్పుడు తెంపారు, నీళ్ళలో నానబెట్టి తెంపారు, ముడి వేసి తెంపారు, ఇటుకకు రాసి తెంపారు. నలభై ఆరు ముక్కలు. గోడమీద పట్టిక. అన్నీ అయ్యాక తేలింది ఏమిటంటే, కొట్టావిడ చెప్పిన నైలాన్ దారమే మంచిదని. మూడు కిలోల బరువు మోయగల దారం అది, నీళ్ళలో తేలే నాలుగు కిలోల చేపకు చాలు. ముడి దగ్గర కూడా పెద్దగా బలం తగ్గలేదు.

"ఈ మాట ఆవిడ మొదటిరోజే చెప్పిందన్నావు కదా," అన్నాడు పక్క యంత్రం అతను.

"ఆవిడ చెప్పింది. నేను నిరూపించాను."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ దారాన్ని ఇంకొక ఉండ కొని, పెద్దాయన చేతిలో పెట్టి దండం పెడితే అందరూ సుఖంగా ఉండేవారు. కానీ అతనికి ఒక సందేహం వచ్చింది. తెంపి చూసిన ముక్కలు మంచివే. అవి తెగిపోయాయి. మామగారి రీలు మీదికి వెళ్ళేది తెగని దారం, అంటే పరీక్షించని దారం. లిఫ్టు తాడు విషయంలో ఇలాంటి అన్యాయం జరగదు. ఏ తాడు లిఫ్టుకు కడతారో ఆ తాడునే లాగి చూసి ముద్ర వేస్తారు. మనుషుల ప్రాణాలకు చేసే పని మామగారి చేపకు చేయకూడదా?

శనివారం సెలవు. పొద్దున్నే వెళ్ళి షెడ్డు తెరిచాడు. కొత్త ఉండలోని నూరు మీటర్ల దారాన్ని మీటరు చొప్పున యంత్రానికి బిగించి, ఒక్కో మీటరునూ రెండు కిలోల ఏడు వందల గ్రాముల బరువుతో పది సెకన్లు లాగి పట్టాడు. ఉక్కు తాళ్ళనయితే తెగే బరువుకు చాలా దూరంలోనే ఆపేస్తాడు. ఇది మామగారి పని, కాస్త గట్టిగా చూడడమే మంచిదనుకున్నాడు. నూరు మీటర్లలో ఒక్కటి కూడా తెగలేదు. ప్రతిసారీ అతని మనసు పిల్లల పరీక్షా ఫలితాలు చూస్తున్న తండ్రి మనసులా ఉప్పొంగింది. అయిపోయాక దారాన్ని మామగారి దగ్గర్నుంచి ముందే తెచ్చుకున్న గాలం రీలుకు చుడుతూ కొలిచాడు. నూట ఏడు మీటర్లు వచ్చింది.

నూరు మీటర్లు నూట ఏడు ఎలా అయిందని ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. అతనూ ఆగాడు, ఆలోచించాడు, తయారుచేసినవాళ్ళు మంచివాళ్ళు, కొలత కాస్త ధారాళంగా ఇచ్చారని నిర్ణయించాడు. పరీక్షా పత్రం టైపు చేశాడు. 'పొడవు: నూట ఏడు మీటర్లు. బలం: ప్రతి మీటరూ పరీక్షించబడినది. ఫలితం: సంపూర్ణ విశ్వసనీయం.' కింద సంతకం, దానిమీద నీలం ముద్ర. తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టాడు.

సాయంత్రం భార్య ఆ పత్రం చదివింది. "ప్రతి మీటరూనా?" అంది.

"ప్రతి మీటరూ."

"పదకొండేళ్ళుగా నన్నూ ఇలాగే లాగుతున్నారు. నాకు మాత్రం కాగితం ఇవ్వలేదు," అంటూ చెప్పులు వేసుకుంది. ఇద్దరూ ఆమె పుట్టింటికి బయల్దేరారు.

మామగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. అల్లుడు రీలు చేతిలో పెట్టాడు. ఆయన దారం చివర వెతికి పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా జార్చారు. నలభై ఏళ్ళు సూదులతో, దారాలతో బతికిన వేళ్ళు అవి. ఒక చోట ఆగాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వచ్చాయి. ఆయన ఏదో అనబోయారు.

అప్పుడే అల్లుడు ప్లాస్టిక్ కవరు అందించాడు. ఆయన దాన్ని ముక్కుకు ఆనించుకుని, కుడికన్ను చికిలించి, ముద్ర దాకా చదివారు. చాలాసేపు పట్టింది. తర్వాత రీలును ఒళ్ళో పెట్టుకుని, "మీరు చూశారుగా," అన్నారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ మాట్లాడలేదు. ఆపరేషను దగ్గర పడుతోంది కదా, భయం కాబోలు అనుకున్నాడు అల్లుడు.

ఆదివారం పొద్దున గుంట దగ్గర మామా అల్లుళ్ళు ఇద్దరే. బుధవారం ఆపరేషను. మామగారు మడత కుర్చీలో కూర్చున్నారు. అల్లుడు తన మడత కుర్చీని రెండు చేతులా నొక్కి చూసి, మామగారు అటువైపు తిరిగి ఉన్నారని నిర్ధారించుకుని, కూర్చున్నాడు. గాలం వేసింది మామగారే. ఎరను సరిగ్గా నాచు అంచున పడేశారు, చూపు లేకుండా, చెయ్యి చెప్పిన లెక్క ప్రకారం. నీళ్ళమీద నారింజరంగు బెండు నిలబడింది. అది ఆయనకు కనబడదు. దారాన్ని వేలిమీద పెట్టుకుని కూర్చున్నారు.

గంట దాటింది. తేలుతున్న బెండు పక్కకు ఒరిగింది, నిలబడింది, మునిగింది.

"మామయ్యగారూ, మునిగింది," అనేలోపే ఆయన గాలం కర్ర ఎత్తేశారు.

కర్ర వంగింది. రీలు కిర్రుమని తిరిగింది. మామగారు లాగలేదు, వదల్లేదు. చేప పరుగెత్తితే పరుగెత్తనిచ్చారు, అలిసినప్పుడు నాలుగు చుట్లు చుట్టుకున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి మొహంలోకి అంత వెలుగు వస్తుందని అల్లుడు ఎప్పుడూ ఎరగడు. చేప పైకి తేలి ఒక పక్కకు వాలింది. ఎండ దానిమీద పడింది. ఎడమ పక్కన మూడు పొలుసులు లేవు.

"అదేనా?" అన్నారు మామగారు.

"అదే మామయ్యగారూ. గుండీలు ఊడినదే."

ఆయన నవ్వారు. "చేతివల తీసుకోండి. ఇటు తెస్తున్నాను. దగ్గరగా చూపించాలి నాకు."

అల్లుడు వల తీసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. చేప ఒక్కసారి తల విదిలించింది. అంతకుముందు పది సార్లు విదిలించినట్టే. టప్పుమని చిన్న చప్పుడు. కర్ర నిటారుగా నిలబడిపోయింది. నారింజరంగు బెండు గుంట మధ్యకు వెళ్ళిపోయింది, కాసేపు ఆగింది, మళ్ళీ వెళ్ళిపోయింది.

మామగారు కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు.

"కొక్కేనికి వెనక్కి పట్టే ముల్లు లేదు," అన్నారు చివరికి. "విదిలించుకుంటుంది. దానికేమీ కాదు." మళ్ళీ కాసేపటికి, "నేనే గట్టిగా లాగాను. చెయ్యి పోయింది. కన్ను పోయినా చేతితో నెట్టుకురావచ్చు అనుకున్నానండి ఇన్నాళ్ళూ. ఇంక అదీ లేదు. ఈ కర్రా, రీలూ మీరు ఉంచుకోండి," అన్నారు.

అల్లుడు తెగిన దారం చివరను అందుకున్నాడు. ఇరవై రెండేళ్ళు తెగిన కొసలను చూసి బతికినవాడు. దారం ముడి దగ్గర తెగలేదు, కొక్కెం దగ్గర తెగలేదు. బెండుకు బాగా పైన, ఏ ముడీ ఏ గీతా లేని చోట తెగింది. కొస చుట్టలు తిరిగి ఉంది. మామగారు అటువైపు చూస్తుండగా ఒక జానెడు దారాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగాడు. అది సాగలేదు. టప్పుమంది. ఇంకో జానెడు లాగాడు. అదీ అంతే. అప్పుడు నోటుపుస్తకంలో తను గీసిన గీత కళ్ళముందుకు వచ్చింది. సాగడమే బలం. ఆ సాగే గుణాన్నంతా నిన్న పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా, పది పది సెకన్ల చొప్పున, తనే పీల్చేశాడు. అదనంగా వచ్చిన ఏడు మీటర్లు తయారుచేసినవాళ్ళ ఔదార్యం కాదు. దారం ప్రాణం.

బ్యాగులో ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో నీలం ముద్ర ఉంది. ఒక ముసలాయన చేతికీ ఆ ముద్రకూ పోటీ పెడితే ఎవరైనా ముద్రనే నమ్ముతారు. ముసలాయన అప్పుడే నమ్మేశారు కూడా. నోరు మూసుకుంటే చాలు. పదకొండేళ్ళకు ఒక్క పని అడిగించుకున్నాడు, ఆ పని గొప్పగా చేశాడనే మిగులుతుంది. నోరు తెరిస్తే నాలుగో మెట్టు మళ్ళీ చేతిలోకి వస్తుంది, ఈసారి దాంతోపాటు నిచ్చెన మొత్తం. అతనికి నిజంగా భయం వేసింది. మామగారి వైపు చూశాడు. ఆయన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చేత్తో వేళ్ళను ఒక్కొక్కటే నిమురుకుంటున్నారు.

"మామయ్యగారూ, మీ చెయ్యి కాదు," అన్నాడు.

"ఊరుకోండి. నాకోసం అలా చెప్పకండి."

"మీకోసం కాదండి. దారం..." అని నీళ్ళు నమిలాడు. "దారాన్ని నేనే పాడు చేశాను. నిన్న. షెడ్డులో."

మొత్తం చెప్పేశాడు. యంత్రం, బరువు, పది సెకన్లు, ఏదీ దాచలేదు. దాచితే సగం తప్పు దారంమీదికి పోయేట్టుంది.

"ప్రతి మీటరునూ లాగారా?" అన్నారు మామగారు.

"ప్రతి మీటరూనండి."

"తెగే దాకా?"

"తెగే ముందు దాకా."

"నూరుసార్లు."

"నూరుసార్లు. చివరికి నూట ఏడు మీటర్లు అయింది. నేను... లాభం అనుకున్నాను."

మామగారి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారని అల్లుడు హడలిపోయాడు. చూస్తే నవ్వుతున్నారు.

"నా కొట్టుకు కొందరు వస్తుంటారు," అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. "నడుముకు వేసే ఎలాస్టిక్ గట్టిదో కాదో అని గజం గజం లాగి చూస్తారు. చూసి, ఆ ముక్కనే కుట్టమంటారు. వారం తిరిగేసరికి పైజామా జారిపోయిందని నామీదికి వస్తారు. వాళ్ళు కూడా ఒక్కో గజానికి కాగితం రాసివ్వలేదండి ఎప్పుడూ." నవ్వు ఆగింది. కాసేపటికి ఆయన గొంతు మారింది. "నిన్న దాన్ని పట్టుకోగానే అనిపించింది నాకు, దీనికి ప్రాణం లేదే అని. తర్వాత మీ కాగితం చదివాను. అంత చదువుకున్న మనిషి ముద్ర వేసి ఇస్తే ఇంక అందులో తప్పెక్కడుంటుంది, కళ్ళతోపాటు వేళ్ళు కూడా పోయాయన్నమాట అనుకున్నాను. ఆపరేషను గురించి ఒక్కరోజు కూడా బెంగ పెట్టుకోలేదు నేను. నిన్న మాత్రం నిద్ర పట్టలేదు."

తను తెంపింది దారాన్నే అనుకున్నాడు అల్లుడు ఇంతసేపూ. నలభై ఏళ్ళు సూదిని నడిపిన వేళ్ళ మీద తను ఎర్ర ముద్ర కొట్టి, పైన ప్లాస్టిక్ కవరు కూడా తొడిగాడని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అంటే నా వేళ్ళు బాగానే ఉన్నాయి," అన్నారు మామగారు, తనలో తను అనుకుంటున్నట్టు. బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానికొకటి రాసి చూసుకున్నారు. "బాగానే ఉన్నాయి."

అల్లుడు బ్యాగు తెరిచి కవరులోంచి పత్రం తీశాడు. అతని జేబులో ఎర్ర పెన్ను ఎప్పుడూ ఉంటుంది. 'సంపూర్ణ విశ్వసనీయం' అన్నది కొట్టేసి 'తిరస్కరించబడినది' అని రాశాడు. కారణం అన్న గడి ఖాళీగా ఉంది. అందులో 'పరీక్షించినవాడు' అని రాసి, సంతకం చేసి, పైకి చదివి వినిపించాడు.

"తేదీ వేశారా?" అన్నారు మామగారు.

"వేశానండి."

"అయితే లేవండి. గాలాల కొట్టు తెరిచే ఉంటుంది."

కొట్టావిడ ఈసారి బెండ్లు పక్కన పెట్టి లేచి నిలబడింది. మామగారు ఎదురుగా ఉన్న ఉండలను ఒక్కొక్కటే తీసుకుని, కొస పట్టుకుని, కళ్ళు మూసుకుని వేళ్ళమధ్య జార్చారు. మొదటిది పక్కన పెట్టారు. రెండోది పక్కన పెట్టారు. మూడోదాన్ని వేలికి చుట్టి మెత్తగా ఒక్కసారి ఒత్తి, "ఇది," అన్నారు. మూడు వారాలు, నలభై ఆరు ముక్కలు, గోడమీద పట్టిక గుర్తొచ్చి అల్లుడు పక్కనున్న వలలను శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

"మొదటే చెప్పాను కదండీ, ఆయన్నే పంపించమని," అంది ఆవిడ.

"రాసుకున్నానండి," అన్నాడు అతను.

మళ్ళీ గుంట దగ్గరికి వచ్చేసరికి ఎండ తలమీదికి ఎక్కింది. పెద్ద చేపలు పడే వేళ దాటిపోయిందని ఇద్దరికీ తెలుసు. అయినా మామగారు కొత్త దారాన్ని రీలుకు చుట్టారు, బెండు కట్టారు. కొక్కెం దగ్గరికి వచ్చేసరికి దాని కన్నం ఆయనకు కనబడలేదు. రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి ప్రయత్నించకుండా దారం కొసనూ కొక్కేన్నీ అల్లుడి ముందుకు చాపారు.

"ముడి మీరు వెయ్యండి," అన్నారు.

ఆయన అడిగిన రెండో పని అది. మొదటిది అడిగి నెలే అయింది. అల్లుడు దారం దూర్చాడు, అయిదు చుట్లు తిప్పాడు, కొసను వెనక్కి తెచ్చాడు, నాలుకతో తడి చేశాడు, నెమ్మదిగా బిగించాడు. మామగారు చెయ్యి చాపారు. ముడిని వేళ్ళమధ్య పెట్టుకుని ఒకసారి అటూ ఇటూ దొర్లించారు.

"బాగుంది," అన్నారు.

"లాగి చూడనా మామయ్యగారూ? ఒక్కసారి, మెల్లగా?"

"వద్దు."

ఆయన గాలం విసిరారు. బెండు నాచు అంచున పడి నిలబడింది. అల్లుడు కుర్చీని నొక్కి చూడకుండానే కూర్చున్నాడు. కుడిచెయ్యి దానంతట అదే దారం వైపు పోబోయింది. అతను దాన్ని వెనక్కి లాక్కుని, తొడకింద పెట్టుకుని, దానిమీద బరువుగా కూర్చున్నాడు.

"చెప్పండి," అన్నారు మామగారు, వేలిమీద దారం ఉంచుకుని. "బెండు ఎలా ఉంది?"

"నిలబడే ఉందండి," అన్నాడు అతను.